రెండు రిమోట్లు

రాజోలు సెంటర్లో నా కొట్టు.
స్తంభం నుంచి స్తంభానికి కేబుల్ వైరు లాగిన చేతులివి,
ఇప్పుడు గోడలకి మేకులు కొట్టి
టీవీలు వేలాడదీస్తున్నాయి.

వచ్చినోళ్ళందరిదీ ఒకటే ప్రశ్న:
"అన్నీ అందులోనే ఉన్నాయి కదండీ,
మళ్ళీ ఈ పుల్ల ఎందుకండీ?"

పుల్లే అంటారు మావైపు.
వేలెడంత నల్లది,
టీవీ వీపున కూర్చుంటుంది
గేదె మీద కొంగలా.

లంకలోంచి దొరబాబు వచ్చాడు,
పంటు మీద టిక్కెట్లు కోసే మనిషి.
మూడేళ్ళ కిందట నా దగ్గరే కొన్న నలభై మూడంగుళాలది
ఇప్పుడు సినిమా అడిగితే
గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతోందట,
సుడిలో పడ్డ కొబ్బరిడొక్కలా.
"బొమ్మ బంగారంలా ఉందండి.
బుర్రే ముసలిదైపోయింది."

సెట్టింగుల్లోకి దిగి చూశాను.
కంపెనీవాడు చేతులు దులిపేసుకున్నాడు.
అద్దానికి పదేళ్ళు,
లోపలి యాప్‌కి మూడేళ్ళు.
ఒకే పెట్టెలో పుట్టిన ఇద్దరికి
రెండు జాతకాలు.

పుల్ల తీసుకెళ్ళి నేనే గుచ్చి వచ్చాను.
వీరవేణి అరుగు మీద లేసు అల్లుతోంది.
తల ఎత్తలేదు.
"అయితే ఇకనుంచి రెండు రిమోట్లాండీ?
వెలిగించడానికొకటి, వెతకడానికొకటి?
చేతిలో సూది, ఒళ్ళో దారపుండ.
డజను పువ్వులకి ఇంతని లెక్క నాకు.
రిమోటు వెతుక్కున్న సేపటికి
ఎవరిస్తారు?"

ఒక్క రిమోటుతోనే రెండూ నడిచేలా
ఏదో మార్చాను.
వారం నడిచిందట.

ఆవిడన్నదీ నిజమే.
గోడలో గూడు మంచిది,
దీపం ఎక్కడుందని చీకట్లో తడుముకోనక్కర్లేదు.
లాంతరైతే ఎవరో ఎక్కడో పెట్టి మరిచిపోతారు.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర
మూడో హెచ్చరిక ఇచ్చారు.
ఎర్రనీరు కొబ్బరితోటల్లోంచి
నడుచుకుంటూ వచ్చింది,
కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మం దాటింది.
టీవీని విప్పి అటక మీద పడుకోబెట్టి
జ్వరమొచ్చిన పిల్లాడికి కప్పినట్టు
దుప్పటి కప్పారు.
పడవెక్కేముందు వీరవేణి
రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, సూది, దారంతో పాటు
ఆ పుల్లనీ లాగి సంచిలో వేసుకుంది.
ఎందుకో తనకే తెలియదట.

హైస్కూల్లో మకాం.
పులిహోర పొట్లాలు, దోమలు,
డీజిలు కంపు కొట్టే జనరేటరు.
ఎనిమిదో తరగతి గోడకి బడివాళ్ళ టీవీ.
మాస్టారిని అడిగి గుచ్చింది.
దొరబాబు ఫోన్లోంచి నెట్టు.

ఎవరు మీరని అడగలేదది.
ఈ గోడ ఎవరిదనీ అడగలేదు.
మంగళవారం రాత్రి లంకలో
కరెంటు పోయినప్పుడు
సీరియల్లో కోడలు గుమ్మం మీద ఎత్తిన కాలు
అక్కడే, గాల్లో ఉంది.
'ఆపిన చోటి నుంచి చూస్తారా?'
అని తెర మీద పడింది.

నలభై మంది లంకవాళ్ళు
ఒక్క క్షణం నోరెత్తలేదు.
వెనక బల్ల మీంచి ఎవరో అన్నారు:
"అయితే మా గేదె తాడు విప్పిన కాడ్నుంచి పెట్టమ్మా."
గది గదంతా నవ్వింది.
ఒకామె నవ్వుతూ నవ్వుతూ
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
బయటికి వెళ్ళిపోయింది.

నీరు తీశాక వెళ్ళాను.
గోడ మీద మొలలోతున బురద గీత.
టీవీ అటక దిగింది, వెలిగింది.
ఒక మూల మాత్రం తేమ మరక,
ఎండిన అరటాకు రంగులో.

వీరవేణి ఇంకా ఒప్పుకోలేదు.
"రెండు రిమోట్లు రెండు రిమోట్లేనండీ,"
అంటూనే చూపించింది:
మంచంకోడుకి వేలాడుతున్న లేసు సంచి.
రెండు అరలు, మధ్యన ఒక పువ్వు.
ఆ పువ్వుకి డబ్బులెవరూ ఇవ్వరు.

ఇప్పుడు కొట్టుకొచ్చి ఎవరైనా
ఏది మంచిదండీ అంటే
ధర తరవాత చెబుతాను.
ముందు ఒకటే అడుగుతాను:
"మీ ఇంట్లోకి నీళ్ళొస్తాయాండీ?"